ఏడో ప్రశ్నకు జవాబు

ఆరు ప్రశ్నలకు జవాబులు అరగంటలో అయిపోయాయి. అవవూ మరి! అడిగింది కంపెనీ, చెప్పింది ఏఐ, నడుమ హేమ చేసిందల్లా అక్కడివి ఇక్కడ అతికించడం. మూడేళ్ళు చదివిన చదువు ఆరు పేరాలై తెర మీద మెరుస్తుంటే, ఇదంతా నేనేనా అని ఆ పిల్లకే ముచ్చటేసింది. ‘క్షేత్రస్థాయి సమస్యలను సమగ్ర దృక్పథంతో పరిష్కరించగల నైపుణ్యం’ తనకుందని ఇరవై మూడేళ్ళొచ్చాక మొదటిసారి తెలిసింది.

విజయవాడ వించిపేటలో తబస్సుం వాళ్ళ డాబా మీది గది అది. తబస్సుం, హేమ ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. తబస్సుంది కంప్యూటర్ల గ్రూపు, హేమది ఆక్వా గ్రూపు. తబస్సుం పదకొండు అప్లికేషన్లు సొంతంగా రాసి, ఒక్క పిలుపూ రాక, పన్నెండోది ఏఐతో రాయించింది. దాంతో ఉద్యోగం వచ్చి కూర్చుంది. ఇక అప్పట్నుంచీ ఆవిడగారికి ఏఐ మీద నమ్మకం అంతా ఇంతా కాదు.

హేమ పెడుతున్నది రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగానికి. చల్లపల్లి నుంచి సముద్రం దాకా రొయ్యల చెరువుల గట్లు తిరగాలి, నీళ్ళు పరీక్ష చెయ్యాలి, రైతుకు ఏం చెయ్యాలో చెప్పాలి. బండి కంపెనీదే. ఆడపిల్లల్ని కూడా తీసుకుంటామని ఆ కంపెనీ అనడం ఇదే మొదలు. హేమ వాళ్ళది సముద్రం నమ్ముకున్న కుటుంబం. తండ్రి నాగులు రెండేళ్ళ కిందట కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు దెబ్బతిన్నాక మళ్ళీ ఇతరుల పడవల్లో వేటకు పోతున్నాడు. తల్లి మంగాయమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తోంది. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నాని నాని ఆవిడ వేళ్ళు తెల్లగా ఉబ్బిపోయి, ఇంటికొచ్చాక అన్నం కలుపుకోడానికి కూడా ముడుచుకోవు. ఈ ఉద్యోగం రావాలి, అమ్మ చేత ఆ షెడ్డు మాన్పించాలి. హేమకున్న కోరికల్లా అదొక్కటే. అప్లికేషను గడువు శనివారం సాయంత్రం అయిదు. ఇవాళ శుక్రవారం.

ఏడో ప్రశ్న ఇది: ‘మీరు చేసిన ఒక తప్పు గురించి, దాని నుంచి నేర్చుకున్న దాని గురించి రాయండి. తెలుగులోనైనా రాయవచ్చు.’

తబస్సుం ఆ ప్రశ్నను ఏఐకి వినిపించింది. అది ఆలోచించిందో లేదో గానీ జవాబు మాత్రం టక్కున చెప్పింది. కాలేజీ ల్యాబులో రెండు నీళ్ళ సీసాల చీటీలు తారుమారు చేసిందట హేమ. వెంటనే తెలుసుకుని లెక్చరరు గారికి చెప్పి, మళ్ళీ పరీక్ష చేసిందట. ఆ రోజు నుంచి ప్రతి సీసా రెండుసార్లు చూసుకుంటుందట.

“ఇదెప్పుడు చేశానే నేను?” అంది హేమ.

“చెయ్యలేదా? ఇంకా మంచిది. ఎవరికీ నష్టం లేదు.”

“అబద్ధం కదే తబూ!”

“వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మనం ఆడేది ఒక్కటేగా! వాళ్ళకి కావాల్సింది తప్పు కాదే పిచ్చిదానా, తప్పులాగా కనపడే ఒప్పు. నీ అసలు తప్పులు చదివి వాళ్ళేం చేసుకుంటారు?”

“మరి కింద చూడు. ‘ఈ సమాధానాలన్నీ నావేనని ధ్రువీకరిస్తున్నాను’ అని ఉంది.”

“టిక్కు కొట్టే వేలు నీదేగా! కొట్టెయ్.”

హేమ అబద్ధమంటే హడలిపోయే పిల్లేం కాదు. హాస్టల్లో జ్వరమని చెప్పి సినిమాకు పోయిన రోజులున్నాయి. కానీ ఆ సీసాల కథను మాత్రం టిక్కు కొట్టి పంపలేకపోయింది. సీసా అనే మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది. కింద నుంచి జరీనా గారు కూతుర్ని కేకేశారు. తబస్సుం లేస్తూ, “పోనీ, నీది ఏదన్నా ఉంటే దానికే చెప్పు, అదే సర్దిద్ది. దానికి నోరుంది గానీ మీ ఊళ్ళో చుట్టాల్లేరు, ఎవరికీ చెప్పదు,” అని మెట్లు దిగిపోయింది.

రెండేళ్ళుగా మనిషికి చెప్పలేనిది హేమ ఆ తెరకు చెప్పడం మొదలుపెట్టింది.

అది ఎండాకాలం. సెలవులకు ఇంటికొచ్చింది. నాన్న చెరువులో రొయ్యకు అరవై రోజులు. ఒక పొద్దున గట్టు వార నీరసంగా ఈదుతున్న రొయ్యను తీసి, తల మీది డిప్ప ఒలిచి వెలుతురుకు పెట్టి చూసింది. తెల్లమచ్చలు. చెరువు నుంచి చెరువుకు నీళ్ళ వెంట పాకే తెల్లమచ్చ జబ్బుకు పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉన్నాయి.

ఆ వైపు గట్ల మీద జబ్బు పేరు ఎత్తరు. సొంత తమ్ముడితో కూడా ‘సరుకు తేడాగా ఉంది’ అంటారే తప్ప ఆ పేరు పలకరు. పలికితే సాయంత్రానికల్లా నాలుగూళ్ళకు తెలుస్తుంది, కొనేవాడు సగం ధర చెబుతాడు. అందుకే నాగులు ఆ పూటే వలలు దింపించి, దొరికినంత పట్టించి పంపేశాడు. ఇక చెరువులో మిగిలింది జబ్బు నీళ్ళు. వాటిలో బ్లీచింగు కలిపి, వారం పది రోజులు కదలకుండా ఉంచి, ఆ తర్వాతే వదలాలి. చదువుకున్న హేమకు అది తెలుసు. కానీ బ్లీచింగు చల్లితే ఆ వాసన ఊళ్ళోకి కొడుతుంది. చాటింపు వేసి చెప్పుకోవడం కంటే అది ఎక్కువ.

“నువ్వు చదూకున్నదానివి. ఏం చేద్దామంటావమ్మా?” అని అడిగాడు నాగులు.

“వదిలేద్దాం నాన్నా,” అంది హేమ.

తెల్లారకముందే ఆయన తూము పలకలు తీశాడు. నీళ్ళు డ్రెయిన్లోకి పోయాయి. రెండు చెరువుల అవతల తెరేసమ్మది ఎకరన్నర చెరువు. మొగుడు పోయాక ఒంటి చేత్తో నెట్టుకొస్తున్న మనిషి. ఎండలకు నీళ్ళు తగ్గాయని ఆ మధ్యాహ్నమే డ్రెయిన్లో మోటారు వేసి తోడుకుంది.

పన్నెండో రోజున తెరేసమ్మ గాజు సీసాలో రొయ్యను వేసుకుని పరుగెత్తుకుంటూ హేమ దగ్గరికే వచ్చింది. “నువ్వు చదూకున్న పిల్లవి. ఏమైందో చూసి చెప్పు తల్లీ!” అంది. హేమ ఆ సీసా చేతిలోకి తీసుకుంది, చూసింది, నోటికొచ్చింది అనేసింది. “సీడు మంచిది కాదు పిన్నీ.”

ఆ సీడు తెచ్చి పోసింది తెరేసమ్మ తమ్ముడు ఆరోన్. అప్పట్లో హేచరీ నుంచి పిల్ల రొయ్యల్ని తెచ్చి చెరువులకిచ్చే పని చేసేవాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా అక్కా తమ్ముళ్ళకు మాటల్లేవు.

ఇదంతా హేమ వచ్చీ రాని టైపింగుతో, తప్పులతడకలతో, ముక్కు తుడుచుకుంటూ కొట్టింది. ఏఐ చక్కగా సర్దింది.

‘రొయ్యల సాగులో జీవభద్రతకు సంబంధించిన ఒక సవాలును ఎదుర్కొన్నాను. వ్యాధి సోకిన నీటి నిర్వహణలో తొందరపాటు నిర్ణయం వల్ల, పొరుగు రైతుతో ఏర్పడిన సమాచార లోపం వల్ల నష్టం వాటిల్లింది. అనంతరం ఆ రైతును స్వయంగా కలిసి వాస్తవాన్ని వివరించి, ఆమె నమ్మకాన్ని తిరిగి పొందాను. పారదర్శకతే రైతుసేవకు పునాది అని ఆ అనుభవం నాకు నేర్పింది.’

టీ కప్పులతో పైకొచ్చిన తబస్సుం చదివి ఎగిరి గంతేసింది. “అబ్బబ్బ! ఇదేనే కావాల్సింది. దీనికి ఉద్యోగం ఇవ్వకపోతే చూడు!”

హేమ మాత్రం మళ్ళీ మళ్ళీ చదివింది. తెరేసమ్మ పిన్ని ఇందులో ఎక్కడుందని వెతికింది. సీసా పట్టుకుని చెమటలు కారుతూ పరుగెత్తుకొచ్చిన మనిషి ‘సమాచార లోపం’ అయి కూర్చుంది. ఇందాకటి సీసాల కథ పచ్చి అబద్ధమే, కానీ దాని వల్ల ఎవరి కొంపా మునగలేదు. ఇది మూడొంతులు నిజం. ఈ నిజమే ఆ అబద్ధం కంటే అన్యాయంగా అనిపించింది. ఇక ఆ మూడో వాక్యం ఒకటి! అది తను చెప్పలేదు. స్వయంగా కలవనూ లేదు, వివరించనూ లేదు. ఇంత బాధపడుతున్న పిల్ల ఆ రైతుకు చెప్పే ఉంటుందిలే అనుకుంది కాబోలు, ఏఐ దాని మర్యాదకు అది ఓ వాక్యం కలిపింది. తల్లి లేదు, తండ్రి లేదు, ఊరు లేదు, దానికి తెలిసినపాటి మర్యాద నాకు తెలీలేదే అని హేమకు తల కొట్టేసినట్టయింది.

“ఈ లైను నేను చెప్పలేదే,” అంది.

“ఏ లైను? ఓ అదా! ఉంచెయ్. ఆ ముక్క తీసేస్తే మిగిలేదేముంది? చెడగొట్టి చక్కా వచ్చానని రాస్తావా?”

“రేపు పొద్దున ఊరెళ్తా. ముందు అది నిజం చేసొస్తా. నేను ఫోన్ చేశాక నువ్వు నొక్కు. ఓటీపీ నా ఫోనుకే వచ్చిద్దిగా, చెప్తాను.”

తబస్సుం టీ కప్పు ఠక్కున కింద పెట్టింది. “నీకు బుర్ర గానీ చెడిందా? నువ్వు తిరగాల్సింది ఆ గట్ల మీదే. ఇదిగో నేనే జబ్బు నీళ్ళు వదిలానని నువ్వే చెప్పుకుంటే రేపు నిన్ను గట్టెక్కనిచ్చేదెవరు? ఉద్యోగం వచ్చాక చెప్పుకోవే. ఆర్నెల్లాగి చెప్పు, ఏడాది ఆగి చెప్పు. రెండేళ్ళు ఆగినదానివి!”

తబస్సుం అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. అందుకే హేమకు కోపం వచ్చింది. “ఆర్నెల్లాగితే అసలు చెప్పను. నా సంగతి నాకు తెలుసు,” అంది.

శనివారం పొద్దున చల్లపల్లి బస్సెక్కింది. ఉయ్యూరు దాటేదాకా చెరకు లోడు ట్రాక్టర్లు అడ్డంపడి బస్సు నడిచినట్టే లేదు. దారి పొడుగునా పిన్నికి ఏమని చెప్పాలా అని మాటలు కూడగట్టుకుంది. ఎంత కూడగట్టుకున్నా ఏఐ రాసిన మాటలే నోటికొస్తున్నాయి. పిన్నీ, మన మధ్య సమాచార లోపం ఏర్పడింది! అలా అంటే తెరేసమ్మ చీపురు తిరగేస్తుంది. అనుకుని తనలో తనే నవ్వుకుంది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. తెరేసమ్మ ఇంట్లో లేదు, పక్కూళ్ళో రొయ్యల పట్టుబడికి కూలికెళ్ళిందన్నారు. హేమ ఇంటికెళ్ళింది. తల్లి షెడ్డులో ఉంది. నాగులు అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కూతురు వచ్చిన పని విని చేతిలో దారం వదిలేశాడు.

“ఇప్పుడెందుకమ్మా? మానిన పుండు రేపుకోడం కాదా?”

“మనకి మానింది నాన్నా. ఆవిడకి మానలా.”

నాగులు వదిలేసిన దారం మళ్ళీ అందుకున్నాడు. తర్వాత, “తూము తీసింది నేను. ఆ మాట కూడా చెప్పు. ఒక్కదానివే మోసుకోకు,” అన్నాడు. వస్తానని మాత్రం అనలేదు. అనలేడని హేమకూ తెలుసు.

నాలుగు దాటాక తెరేసమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలో నిలబడ్డ హేమను చూసి మొహం విప్పారింది.

“ఏమ్మా హేమా! బెజవాడ నించి ఎప్పుడొచ్చావ్? నిలబడ్డావేం, మంచమ్మీద కూచో. కాళ్ళు కడుక్కొస్తా.”

“పిన్నీ, నీ చెరువు పోయింది సీడు వల్ల కాదు. మా వల్ల. మా చెరువుకి తెల్లమచ్చ వచ్చింది. నాన్న తూము తీశాడు. వదిలెయ్యమంది నేనే. అదే నీళ్ళు నువ్వు తోడుకున్నావ్. నాకు తెలుసు. సీసాలో చూడగానే తెలుసు. తెలిసీ సీడన్నాను.”

అంతే. బస్సులో కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

కాళ్ళు కడుక్కోడానికి తెరేసమ్మ తీసిన నీళ్ళ చెంబు చేతిలోనే ఉండిపోయింది. కాళ్ళ మీద ఒక్క చుక్కా పడలేదు. చివరికి చెంబు కింద పెట్టింది.

“తూము తీశారు. సరే. మీ నాన్న భయపడ్డాడు, నువ్వు భయపడ్డావ్. మా ఆయన బతికుంటే ఆయనా అదే చేసేవాడేమో, ఏసయ్యకే తెలియాలి. మరి నా వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చి సీసా నీ చేతిలో పెట్టానే! ఆ రోజు నోరెట్టా వచ్చిందే నీకు?”

హేమ తల దించుకుంది.

“నా తోడబుట్టినోణ్ణి మెడబట్టి గెంటినంత పని చేశానే నీ మాట పట్టుకుని! సీడుకి పరీక్ష చేయించానక్కా అని వాడు కాయితం చూపిస్తే వాడి ఎదురుగానే చించేశా. బైబిలు మీద చెయ్యేసి చెప్పాడే! నమ్మలా. చదూకున్న పిల్ల చెప్పిందిరా, నువ్వా దానికి చెప్పేది అన్నా. వాడి కూతురు పెళ్ళికి పిలవడానికొస్తే తలుపేసుకున్నా. మేనకోడలి పెళ్ళి! ఒక్కగానొక్క మేనకోడలు!”

హేమ వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడవమాక! నువ్వేడిస్తే నాకింకా ఒళ్ళు మండుద్ది. ఫోను తియ్. వాడికి నువ్వే చెప్పు. నా ఫోన్నించి చేస్తే ఎత్తడు.”

“నెంబరు పిన్నీ?”

“ఫోన్లోంచి తీసేశా,” అంది తెరేసమ్మ. ఆ వెంటనే పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఆరోన్ సీడు పని మానేసి హనుమాన్ జంక్షన్లో లారీ సామాన్ల షాపులో చేస్తున్నాడు. ఫోనెత్తగానే వెనక లారీల హారన్లు. హేమ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. “సీడు మంచిదే మావయ్యా. నేనే అబద్ధం చెప్పాను,” అంది. అవతల ఒక లారీ పోయింది, ఇంకోటి పోయింది. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకుంది హేమ.

“అక్క అక్కడుందా?” అన్నాడు ఆరోన్.

తెరేసమ్మ ఆ ముక్క వినడమే ఆలస్యం, ఫోను లాక్కుని, బురదకాళ్ళతోనే లోపలికెళ్ళి తలుపు దగ్గరికేసుకుంది. “ఒరే ఆరోనూ!” అంది, అంతే, ఆ తర్వాత కాసేపు ఏడుపే. తర్వాత తిట్లు. ఎవరు ఎవర్ని తిడుతున్నారో బయటికి తెలియలేదు. ఆ తర్వాత, “పిల్లకి ఎన్నో నెల్రా? అయిదా! నాకెవురూ చెప్పలేదే! పురిటికి ఎక్కడికి తెస్తన్నారు?”

హేమ గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది. కిటికీలోంచి లోపలి గోడ గడియారం కనిపిస్తోంది. నాలుగూ నలభై. తబస్సుం లాప్‌టాప్ ముందు కాసుకుని ఉంటుంది. ఆ మూడో వాక్యంలో ‘నమ్మకాన్ని తిరిగి పొందాను’ అన్నది ఎలాగూ కొట్టెయ్యాలి. ‘చెప్పాను, ఆవిడకు చాలా కోపం వచ్చింది’ అని రాస్తే చాలు. ఓటీపీ చెప్పడంతో కలిపి రెండు నిమిషాల పని. పిన్నీ, ఒక్క రెండు నిమిషాలు ఫోనియ్యవా అంటే చాలు.

నాలుగూ యాభై. లోపల తెరేసమ్మ నవ్వింది. రెండేళ్ళలో ఆ నవ్వు ఊళ్ళో ఎవరూ విని ఉండరు. “నీ మొహం! నాకు బీపీ ఏంట్రా, నువ్వే నా బీపీ!”

నాలుగూ యాభై ఆరు.

“ఒసే హేమా!” లోపల్నుంచి కేక. “ఎవురో తబస్సుమంట! మాటిమాటికీ మధ్యలో కొడతంది. వాడి మాట వినపడనియ్యటంలా. ఏదన్నా అవసరమా ఏంటి?”

హేమ లేచి నిలబడింది. తలుపు మీద చెయ్యి కూడా వేసింది. అమ్మ వేళ్ళు కళ్ళ ముందు కనిపించాయి, తెల్లగా, ఉబ్బిపోయి, అన్నం ముద్ద పట్టుకోలేక వణుకుతూ. ఇప్పుడు ఫోను తీసుకుంటే మళ్ళీ కలపొచ్చు, ఆరోన్ ఎక్కడికీ పోడు. కానీ ఇప్పుడే మొదలైన మాట ఇది. నా మాట వల్ల తెగినది, మళ్ళీ నా అవసరం కోసమే మధ్యలో తెంపనా?

“కట్ చెయ్యి పిన్నీ,” అంది. “నువ్వు మాట్లాడుకో.”

అయిదయింది. అయిదుంబావయింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. తెరేసమ్మ కొంగుతో ఫోను తుడిచి ఇచ్చింది. అది పొయ్యి మీంచి దించినట్టు వేడిగా ఉంది. తబస్సుం కాల్సు తొమ్మిది. చివర ఒక మెసేజి: ‘మూసేశారే. ఎక్కడ చచ్చావ్?’

“నాకు కోపం పోలా,” అంది తెరేసమ్మ. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. “పోయిందనుకోమాక. మీ నాన్నతో కూడా చెప్పు. కొన్నాళ్ళు నాకు కనపడమాకండి.”

“సరే పిన్నీ.”

“ఆ పిల్లెవురు, అన్నిసార్లు చేసింది?”

“నా స్నేహితురాలు. ఉద్యోగం సంగతి మాట్లాడదామని.”

“చేసుకో మరి. నీ ఫోన్లో ఇంకా రెండు గీతలుంది ఛార్జింగు.”

హేమ తలూపి వచ్చేసింది. వీధి మలుపు దాకా ఎలాగో నడిచి, అక్కడ నిలబడి ఆ ఉద్యోగం కోసం మనసారా ఏడ్చింది. కంపెనీ బండి, గట్లు, మొదటి జీతం, షెడ్డు మానేసిన అమ్మ, అన్నీ గుర్తొచ్చి ఏడ్చింది. ఇంటికెళ్ళి అమ్మకు ఏమని చెప్పాలో తెలియలేదు. అయినా వెనక్కి తిరిగి చూసింది. తెరేసమ్మ ఇంకా కాళ్ళు కడుక్కోలేదు. బురదకాళ్ళతోనే వీధిలో నిలబడి, ఎదురింటివాళ్ళకు, పక్కింటివాళ్ళకు, దారినపోయే వాళ్ళకు కూడా గొంతెత్తి చెబుతోంది.

“రేపు చర్చికి మా తమ్ముడొస్తన్నాడు!”